స్క్రూ తిప్పే ముందు



పాత బుల్లెట్ ఉన్న ఇళ్ళలో వినిపించే ఫిర్యాదు దాదాపు ఒకేలా ఉంటుంది. "రోడ్డెక్కితే బాగానే లాగుతోందండీ, సిగ్నల్ దగ్గర ఆపితే మాత్రం నిలబడట్లేదు. ఎక్సిలేటర్ వదిలితే చాలు, ఆగిపోతోంది." బండిని షెడ్డుకు తోలతారు. అక్కడ స్క్రూడ్రైవర్‌తో కార్బురేటర్ పక్కనున్న స్క్రూను అర చుట్టు బిగిస్తారు. స్లో స్పీడ్ పెరుగుతుంది, బండి ఆగడం మానేస్తుంది, యజమాని సంతోషంగా ఇంటికెళ్తాడు. కొన్ని వారాల తర్వాత మళ్ళీ అదే కథ. మళ్ళీ అర చుట్టు. అలా బిగించుకుంటూ పోతే ఒకనాటికి బండి నిలబడ్డా గోల గోలగా అరుస్తూ నిలబడుతుంది, గేరు వేస్తే ముందుకు దూకుతుంది. అప్పుడు కార్బురేటరే పాడైందని కొత్తది కొంటారు. జబ్బు మాత్రం ఎక్కడున్నది అక్కడే ఉంటుంది.

ఆ స్క్రూ అన్నిటికన్నా చివర తిప్పాల్సింది. పాత ఇంజన్ స్లోలో నిలబడటం లేదంటే ముందు చూడాల్సింది కంప్రెషన్. ఇవాళ నేను చెప్పబోయేదంతా ఈ ఒక్క మాట చుట్టూనే తిరుగుతుంది.

నేను మాట్లాడుతున్నది కాస్ట్ ఐరన్ బుల్లెట్ 350 గురించి. ఇంగ్లండులోని రెడిచ్ అనే ఊళ్ళో పుట్టిన బండి ఇది. 1950ల మొదట్లో మన సైన్యం సరిహద్దు గస్తీకి దీన్ని ఎంచుకుంది. 1955లో మద్రాస్ మోటార్స్ వారు రాయల్ ఎన్‌ఫీల్డ్‌తో కలిసి ఎన్‌ఫీల్డ్ ఇండియా పెట్టారు, మద్రాసు పక్కన తిరువొత్తియూరులో ఫ్యాక్టరీ వచ్చింది. రెడిచ్‌లో తయారీ ఆగిపోయాక కూడా అదే ఇంజన్, పెద్ద మార్పులేమీ లేకుండా, ఇక్కడ దశాబ్దాల పాటు తయారవుతూనే ఉంది. బోరు 70 మిల్లీమీటర్లు, స్ట్రోకు 90, మొత్తం 346 సీసీ. ఇనుప సిలిండరు, పుష్ రాడ్లతో నడిచే రెండు వాల్వులు, బరువైన ఫ్లైవీళ్ళు. గేర్లు కుడికాలికి, బ్రేకు ఎడమకాలికి. మన జిల్లాల్లో పోలీసు స్టేషన్ల ముందూ, రైతుల ఇళ్ళ వాకిళ్ళలోనూ ఒక తరం పాటు కనబడిన బండి. ఇవాళ వాటిని తాతల జ్ఞాపకంగా మళ్ళీ బయటికి తీస్తున్నవాళ్ళు చాలామంది ఉన్నారు. ఆ పని చేస్తున్న ప్రతి ఒక్కరి మీదా నాకు గౌరవం ఉంది.

ఈ బండికి పేరు తెచ్చింది దాని నెమ్మది. ఎక్సిలేటర్ వదిలేశాక ఒక్కో దెబ్బా విడివిడిగా వినిపిస్తూ కొట్టుకోవడం. స్లో స్పీడ్‌లో ఇంజన్ నిమిషానికి సుమారు 900 చుట్లు తిరుగుతుందనుకుందాం. అంటే సెకనుకు 15. ఫోర్ స్ట్రోక్ ఇంజన్‌లో ఒక కంప్రెషన్ స్ట్రోకు అంటే అర చుట్టు, అంటే సెకనులో ముప్పయ్యో వంతు. అదే బండి రోడ్డు మీద 3,000 చుట్ల వేగంతో తిరుగుతుంటే ఆ స్ట్రోకు సెకనులో నూరో వంతులో అయిపోతుంది. రింగుల పక్కనుంచో, వాల్వు సీటు దగ్గరనుంచో ఒత్తిడి కారిపోతూ ఉంటే, స్లోలో అది కారిపోవడానికి మూడింతల పైన సమయం దొరుకుతుంది. తోలు వాషరు అరిగిన బోరింగు పంపును చూసే ఉంటారు. గబగబా కొడితే నీళ్ళు పడతాయి, నెమ్మదిగా కొడితే గొట్టంలోకి దిగిపోతాయి. రోడ్డు మీద బాగా లాగే బండి సిగ్నల్ దగ్గర ఎందుకు ఆగిపోతుందో ఇందులోనే ఉంది.

ఇంకో సంగతి కూడా తోడవుతుంది. స్లోలో కార్బురేటర్ స్లైడు దాదాపు మూసుకునే ఉంటుంది. సిలిండర్లోకి వచ్చే మిశ్రమమే కొంచెం. అందులో పాత పొగ కొంత కలిసే ఉంటుంది. ఆ కొంచెమూ సరిగ్గా నొక్కుకోకపోతే, నిప్పురవ్వ పడినా కొన్నిసార్లు అంటుకుంటుంది, కొన్నిసార్లు అంటుకోదు. మనకు వినబడే తడబాటు అదే.

పైగా ఈ ఇంజన్‌కు మొదటినుంచీ కంప్రెషన్ తక్కువ. ఆ రోజుల పెట్రోలుకు తగినట్టు సుమారు 6.5కు 1 నిష్పత్తిలో చేశారు. సిలిండరు నిండా ఉన్న 409 సీసీల మిశ్రమం 63 సీసీల్లోకి నలుగుతుందన్నమాట. అసలే తక్కువ కాబట్టి, ఉన్నదాంట్లో కాస్త కారినా తేడా వెంటనే తెలుస్తుంది.

సరే, కంప్రెషన్ ఉందో లేదో ఎలా చూడాలి? మొదటి పరీక్షకు ఏ పరికరమూ అక్కర్లేదు. తాళం చెవి తీసేసి, బండిని న్యూట్రల్‌లో పెట్టి, డీకంప్రెసర్ లీవరు ముట్టుకోకుండా కిక్ మీద పాదం ఆనించి మెల్లగా బరువు వేయండి. ఒకచోట కిక్ గట్టిగా ఎదురునిలుస్తుంది. మంచి ఇంజన్ అయితే మీ బరువును కాసేపు మోసి, తర్వాత మెల్లగా కిందికి జారుతుంది. కాలు పెట్టగానే మెత్తగా దిగిపోతే ఎక్కడో కారుతోందని అర్థం. పాత మేస్త్రీలు ఈ ఒక్క పనితో రింగులా, వాల్వులా అని కూడా చెప్పేస్తారు. కిక్ దిగుతున్నప్పుడు వాళ్ళు చెవి ఎక్కడ పెడుతున్నారో గమనించండి. సైలెన్సర్ దగ్గర బుస్సుమంటే ఎగ్జాస్ట్ వాల్వు. కార్బురేటర్ నోట్లో వినిపిస్తే ఇన్‌లెట్. క్రాంక్‌కేస్ బ్రీదర్ పైపులో వినిపిస్తే రింగులు.

సైలెన్సర్ వైపు శబ్దం వచ్చిందని వెంటనే హెడ్డు విప్పకండి. డీకంప్రెసర్ కూడా గాలిని అటువైపే వదులుతుంది. బుల్లెట్‌కు ఉన్న ఈ చిన్న వాల్వును చాలామంది పూర్తిగా మరిచిపోతారు. హ్యాండిల్ మీది లీవరు నుంచి వచ్చే కేబుల్ బిగుసుకుని ఉంటే ఆ వాల్వు వెంట్రుక వాసి తెరుచుకునే ఉంటుంది. కేబుల్‌ను వదులు చేసి, లేదా తీసేసి మళ్ళీ కిక్ మీద నిలబడి చూడండి. అక్కడే తేడా కనిపిస్తే మీ ఖర్చు అంతటితో సరి. మసి పట్టి కూర్చోకపోతున్నా దాన్ని విప్పి శుభ్రం చేసి, కొంచెం గ్రైండింగ్ పేస్టుతో రుద్దితే సరిపోతుంది.

ఆ తర్వాత ట్యాపెట్లు. నా ఉద్దేశంలో పాత బుల్లెట్లలో కంప్రెషన్ పోయిందని ముద్ర పడ్డవాటిలో చాలావాటికి నిజంగా కావాల్సింది ట్యాపెట్ల సర్దుబాటే. సిలిండరు అడుగున, కుడివైపున ఒకే నట్టుతో బిగించిన చిన్న మూత ఉంటుంది. దాని వెనక పుష్ రాడ్ల కింది కొసలు కనిపిస్తాయి. ఇంజన్ పూర్తిగా చల్లారాక, రాత్రంతా నిలిపిన బండైతే మరీ మంచిది, ప్లగ్ తీసి, పిస్టన్‌ను కంప్రెషన్ స్ట్రోకు పైకొసకు తీసుకురండి. ఇప్పుడు రెండు పుష్ రాడ్లనూ వేళ్ళతో తిప్పి చూడండి. అవి తేలిగ్గా తిరగాలి, పైకీ కిందికీ మాత్రం ఆడకూడదు. ఈ ఇంజన్‌కు ఫీలర్ గేజ్ సందు లెక్క లేదు. చల్లగా ఉన్నప్పుడు సందు సున్నా, రాడ్డు మాత్రం స్వేచ్ఛగా తిరగాలి, అంతే. మూడు స్పానర్లు కావాలి. ఒకటి ట్యాపెట్‌ను పట్టుకోవడానికి, ఒకటి లాక్ నట్టుకు, ఒకటి రాడ్డు కొసకు. లాక్ నట్టు బిగించాక మళ్ళీ తిప్పి చూడటం తప్పనిసరి, ఎందుకంటే బిగించేటప్పుడే సర్దుబాటు కదులుతుంది.

చల్లగా ఉన్నప్పుడు చక్కగా స్టార్టయి, పది కిలోమీటర్లు తిరిగాక స్లోలో ఆగిపోయే బండి మీ దగ్గరుంటే ఈ ట్యాపెట్లనే ముందు అనుమానించండి. రాడ్డు బిగుతుగా ఉంటే, వేడికి వాల్వు సాగినప్పుడు అది సీటు మీద పూర్తిగా కూర్చోలేదు. ఆ సన్నని సందులోంచి మండుతున్న వాయువు దూసుకుపోతుంది. కంప్రెషన్ పోవడం ఒక్కటే కాదు, కొన్నాళ్ళకు వాల్వు అంచే కాలిపోతుంది. ట్యాపెట్ల శబ్దం వస్తోందని బిగించి పంపించే పద్ధతి ఒకటుంది మన షెడ్లలో. దయచేసి ఒప్పుకోకండి. కొంచెం టకటక వినిపించే ఇంజన్ బతుకుతుంది, బిగించి మూగదాన్ని చేసిన ఇంజన్ వాల్వును తినేస్తుంది.

వాల్వు సీట్ల గురించి ఒక మాట. 2000 సంవత్సరంలో దేశమంతటా సీసం లేని పెట్రోలు వచ్చింది. మన ఊపిరితిత్తులకు అది చాలా మేలు చేసింది. అంతకుముందు పెట్రోలులోని సీసం వాల్వుకూ సీటుకూ మధ్య పలుచని పొరలా ఉండి కాపాడేది. అది పోయాక, ఎక్కువ వేగంతో దూరాలు తిరిగే పాత బండ్లలో వాల్వు సీట్లోకి కొద్దికొద్దిగా దిగబడుతుంది. దిగబడిన కొద్దీ రాడ్డు బిగుసుకుంటుంది. ట్యాపెట్లు సరిచేసిన కొన్నాళ్ళకే మళ్ళీ మళ్ళీ బిగుస్తున్నాయంటే హెడ్డు విప్పి సీటు చూడాల్సిన సమయం వచ్చింది.

ఇవన్నీ సరిగ్గా ఉండి కూడా కిక్ మెత్తగా ఉంటే గేజ్ పెట్టండి. ప్లగ్ రంధ్రంలో బిగించే కంప్రెషన్ గేజ్ ఇప్పుడు పెద్ద ఖరీదేమీ కాదు. ఇంజన్ వేడిగా ఉండాలి, ఎక్సిలేటర్ పూర్తిగా తిప్పి పట్టుకోవాలి. మూసి ఉంచితే గాలి లోపలికి రాదు, అంకె తప్పు చూపిస్తుంది. అయిదారు గట్టి కిక్కులు కొట్టి అంకె రాసుకోండి. కొత్త బండ్ల అంకెలతో దీన్ని పోల్చి బెంబేలు పడొద్దు, ఈ ఇంజన్ నిష్పత్తే తక్కువ. తర్వాత ప్లగ్ రంధ్రంలోంచి ఒక చెంచా ఇంజన్ ఆయిల్ పోసి, నాలుగు కిక్కులతో అది సర్దుకోనిచ్చి, మళ్ళీ కొలవండి. అంకె బాగా పెరిగితే ఆయిల్ రింగుల చుట్టూ సందు మూసిందన్నమాట, జబ్బు రింగుల్లోనో బోరులోనో ఉంది. పెరగకపోతే జబ్బు పైన ఉంది. వాల్వులో, గాస్కెట్టో, డీకంప్రెసరో. ఒక్క చెంచా ఆయిల్ మీకు వేల రూపాయల అనవసరపు పని తప్పిస్తుంది.

రింగులే అని తేలినా ఆగండి. ఏళ్ళ తరబడి పశువుల కొట్టంలో నిలిచిపోయిన బండైతే రింగులు అరిగి ఉండకపోవచ్చు, పాత ఆయిల్ జిగురుకు గాడిలో అతుక్కుపోయి ఉండవచ్చు. కిరసనాయిలూ ఇంజన్ ఆయిలూ సమంగా కలిపి ప్లగ్ రంధ్రంలో కొద్దిగా పోసి, కొన్ని రోజులు ఉంచి, మధ్యమధ్య కిక్‌తో మెల్లగా కదిలిస్తూ ఉండండి. స్టార్ట్ చేసే ముందు ఇంజన్ ఆయిల్ తప్పకుండా మార్చాలి, కిందికి దిగిన కిరసనాయిలు అందులో కలిసి ఉంటుంది కాబట్టి. ఇలా వదిలిన రింగులు రెండు మూడు వందల కిలోమీటర్లు తిరిగేసరికి చాలావరకు కోలుకుంటాయి.

బోరింగ్ చేయించడం గురించి నాకు గట్టి అభిప్రాయమే ఉంది. విజయవాడ ఆటోనగర్లో, హైదరాబాద్‌లో, ఇంకా చాలా ఊళ్ళలో ఇనుప సిలిండర్లను అద్భుతంగా బోరు చేసి హోనింగ్ పెట్టగల లేత్ పనివాళ్ళున్నారు. వాళ్ళ చేతిపనికి సాటిలేదు. కానీ ఒక సిలిండరుకు బోరు పెంచుకునే అవకాశాలు కొన్నే. 20 ఓవర్‌సైజు, తర్వాత 40, ఆ తర్వాత గోడ పలుచబడుతుంది, ఇంజన్ వేడెక్కుతుంది. ఫ్యాక్టరీ పోత పోసిన మంచి సిలిండర్లు ఇక కొత్తగా రావు. హెడ్డు విప్పాం కదా అని బోరు కూడా చేయించేయడం, ఆ సిలిండరుకున్న ఆయుష్షులో ఒక భాగాన్ని ఊరికే పారబోసుకోవడం. ముందు కొలవండి. కొత్త రింగును సిలిండర్లో దించి, పిస్టన్‌తో తిన్నగా నెట్టి, కొసల మధ్య సందును ఫీలర్ గేజ్‌తో చూడండి. ఈ బోరుకు సుమారు 0.3 మిల్లీమీటర్ ఉంటే ఆరోగ్యం. బోరు పైభాగంలోనే అరుగుదల ఎక్కువ కాబట్టి పైనా కిందా రెండుచోట్లా చూడాలి. రెండుచోట్లా పెద్ద తేడా లేకపోతే, గోడల నునుపు పోయేలా తేలికపాటి హోనింగ్ చేసి కొత్త రింగులు వేస్తే చాలు. అద్దంలా మెరిసే గోడకు కొత్త రింగులు ఎప్పటికీ అతకవు. రింగుల కొసలు ఒకదాని కిందకి ఒకటి రాకుండా చుట్టూ దూరం దూరంగా పెట్టాలన్నది మీ మేస్త్రీకి తెలిసే ఉంటుంది, అయినా పక్కన నిలబడి చూడండి.

కంప్రెషన్ బాగుందని తేలాక కూడా బండి స్లోలో నిలబడకపోతే, అప్పుడు నిప్పు, ఆ తర్వాత గాలి, చివరికి పెట్రోలు.

నిప్పు సంగతి త్వరగా చెప్పేస్తాను. సి.బి. పాయింట్ల సందు 0.35 నుంచి 0.40 మిల్లీమీటర్ల మధ్య ఉండాలి. గుంటలు పడ్డ పాయింట్లను రుద్దుతూ కూర్చోవడం కన్నా కొత్తవి వేయడం మేలు, దాంతోపాటే కండెన్సర్ కూడా. పాయింట్ల కింద ఆటో అడ్వాన్స్ బరువులూ స్ప్రింగులూ ఉంటాయి. ఆ స్ప్రింగులు సాగిపోయినా, బరువులు తుప్పుకు బిగిసినా, ఎక్సిలేటర్ వదిలాక ఇంజన్ కాసేపు పరుగెత్తుతూనే ఉండి ఒక్కసారిగా పడిపోతుంది. దీన్ని కార్బురేటర్ జబ్బనుకుని ఎంతోమంది తప్పుదారి పడతారు. ఇంకా, హెడ్‌లైట్ వేసిన వెంటనే స్లో తడబడుతూ, ఆమ్మీటర్ ముల్లు మైనస్ వైపు వాలుతుంటే బ్యాటరీని చూసుకోండి. ఈ బండిలో నిప్పుకు కరెంటు బ్యాటరీ నుంచే రావాలి.

గాలి విషయంలో మాత్రం ఓపిక కావాలి. కార్బురేటర్‌కూ హెడ్డుకూ మధ్య ఉండే కూర్పులో ఎక్కడైనా సందుంటే ఇంజన్ అక్కడినుంచి దొంగగాలి పీలుస్తుంది. పూర్తి వేగంలో ఆ గాలి లెక్కలోకి రాదు, స్లోలో మాత్రం మిశ్రమాన్ని పూర్తిగా పలుచన చేస్తుంది. పాత అమల్ కార్బురేటర్ ఉన్న బండ్లలో రెండు నట్లనూ బలంగా బిగించీ బిగించీ ఫ్లాంజి వంకరపోవడం మామూలే. చదునైన గాజుపలక మీద పెట్టి చూస్తే మధ్యలో వెలుతురు కనిపిస్తుంది. అదే గాజు మీద నున్నని ఎమరీ కాగితం పరిచి, ఎనిమిది అంకె వేస్తున్నట్టు రుద్ది చదును చేసుకోవచ్చు. తర్వాత వచ్చిన మిక్కార్బ్ వి.ఎం. 24 ఉన్న బండ్లలో మధ్యనున్న రబ్బరు రింగూ గాస్కెట్లూ ఎండిపోతాయి. దొంగగాలి ఎక్కడో తెలుసుకోవడానికి స్లోలో నడుస్తున్నప్పుడు ఆ అతుకు చుట్టూ గట్టి గ్రీజు పూసి చూడండి. ఇంజన్ శబ్దం మారితే చోటు దొరికినట్టే. ఆ పనికి పెట్రోలు చల్లేవాళ్ళున్నారు. వేడి సైలెన్సర్ పైపుకు బెత్తెడు దూరంలో పెట్రోలు చల్లడం ప్రాణాలతో చెలగాటం, ఎవరూ చేయకండి.

కార్బురేటర్ స్లైడే అరిగిపోయినా అదే జరుగుతుంది. స్లైడును వేలితో ముందుకూ వెనక్కూ కదిలించి చూడండి, గలగలలాడితే ఎంత ట్యూనింగ్ చేసినా స్లో ఒకచోట నిలవదు. ఇన్‌లెట్ వాల్వు గైడు అరిగినా గాలి అటునుంచి వస్తుంది. వాలులో ఎక్సిలేటర్ వదిలి దిగి, మళ్ళీ తిప్పగానే సైలెన్సర్లోంచి నీలిపొగ గుప్పున వస్తే ఆ గైడు మీద అనుమానం పెట్టుకోవచ్చు.

పెట్రోలు గురించి ఈ రోజుల్లో కొత్తగా చెప్పాల్సింది ఒకటుంది. ఇప్పుడు బంకుల్లో దొరికేది 20 శాతం వరకూ ఇథనాల్ కలిసిన పెట్రోలు. ఇథనాల్ నీటిని పీల్చుకుంటుంది. వారాల తరబడి నిలిపి ఉంచే పాత బండ్లలో ట్యాంకు అడుగున తుప్పు పట్టడానికీ, పాత రబ్బరు పైపులూ సీళ్ళూ ఉబ్బడానికీ ఇది కారణమవుతుంది. మిశ్రమం కూడా కొంచెం పలుచబడుతుంది. అందుకే ఎక్కువ రోజులు నిలపబోతున్నప్పుడు కాక్ మూసి, కార్బురేటర్ గిన్నెలోని పెట్రోలు వంపేయండి. నిలిచిన పెట్రోలు ఎండి మొట్టమొదట మూసేది పైలట్ జెట్‌నే, దాని రంధ్రం అంత సన్నం. దాన్ని సూదితోనో తీగతోనో పొడవకండి, రంధ్రం పెద్దదైతే తిరిగి చిన్నది కాదు. కార్బురేటర్ క్లీనరులో నానబెట్టి గాలి కొట్టండి. కడిగినా శుభ్రపడకపోతే కొత్త జెట్ వేయండి, దాని ధర ఎంతని.

ఇప్పుడు, ఇవన్నీ అయ్యాక, స్క్రూ దగ్గరికి వద్దాం. బండిని అయిదారు కిలోమీటర్లు తిప్పి వేడెక్కించండి. హ్యాండిల్‌ను ఆ చివర నుంచి ఈ చివరకు తిప్పినా ఇంజన్ వేగం మారకూడదు, మారితే ఎక్సిలేటర్ కేబుల్ బిగుతుగా ఉన్నట్టు. చోక్ పూర్తిగా తెరుచుకుని ఉందో లేదో చూసుకోండి. ఎయిర్ స్క్రూను మెత్తగా చివరిదాకా మూసి, ఒకటిన్నర చుట్టు తెరవండి. స్లైడు స్క్రూతో వేగం కొంచెం పెంచి, ఎయిర్ స్క్రూను పావు చుట్టు చొప్పున అటూ ఇటూ తిప్పుతూ ఇంజన్ ఎక్కడ అన్నిటికన్నా చురుగ్గా తిరుగుతుందో వినండి. లోపలికి తిప్పితే పెట్రోలు పాలు పెరుగుతుంది, బయటికి తిప్పితే గాలి పాలు. ఆ చోటు దొరికాక స్లైడు స్క్రూను వెనక్కి తగ్గించండి. మళ్ళీ ఎయిర్ స్క్రూ, మళ్ళీ స్లైడు స్క్రూ. రెండు మూడు విడతల్లో కుదురుకుంటుంది. ఎయిర్ స్క్రూ పూర్తిగా మూసినా, మూడు చుట్లు తెరిచినా ఇంజన్‌లో ఏ మార్పూ లేదంటే పైలట్ దారి ఇంకా మూసుకునే ఉందని, లేదా దొంగగాలి ఇంకా ఉందని.

దెబ్బ దెబ్బకూ మధ్య ఒక పదం పలికేంత తెరిపి ఉండేలా స్లో తగ్గించుకోవాలని యువకులకు సరదా. వినడానికి బాగుంటుంది, నిజమే. కానీ ఈ ఇంజన్‌లో ఆయిల్ పంపు ఇంజన్ తిరిగే వేగాన్ని బట్టే, దానికన్నా చాలా నెమ్మదిగా కదులుతుంది. మరీ తగ్గిస్తే పైనున్న రాకర్లకు ఆయిల్ చాలినంత ఎక్కదు. 900, 1,000 చుట్ల మధ్య ఉంచండి. ఆయిల్ తిరిగొస్తోందో లేదో నెలకోసారి చూసుకోండి, బోరింగో రింగులో కొత్తగా చేయించినవాళ్ళు మొదటి 500 కిలోమీటర్లకే ఆ ఆయిల్ మార్చేయండి.